ఆగని చక్రం – ఆరో భాగం: సూదంటురాయి, వాలుబల్ల, ఉక్కు గోళీ

అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ పట్టణపు షాదీపూర్ పేటలో సాయంత్రం స్విచ్ వేస్తే వెలిగే బల్బు చాలావరకు ఓడలో వచ్చిన డీజిల్‌తో వెలుగుతుంది. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు) ప్రధాన భూభాగపు గ్రిడ్ అందదు. విశాఖపట్నమైనా చెన్నై అయినా వెయ్యి కిలోమీటర్లకు పైనే దూరం. ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ దగ్గర కల్పాంగ్ నది మీద 5.25 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. గారాచర్మలో ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల సౌర కేంద్రం పెట్టింది. ఆ తర్వాత ఎన్‌ఎల్‌సీ పెద్ద బ్యాటరీలతో సహా మరో 20 మెగావాట్లు కలిపింది. ఇవన్నీ ఉన్నా, ఇన్నేళ్లుగా అసలు బరువు మోసినవి డీజిల్ జనరేటర్లే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ ద్వీపాల్లో ఎందరో ఉన్నారు. 2011 జనగణన ప్రకారం ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. ఇంధనం ఓడ దిగి రావలసిన చోట, ఇంధనమే అడగని యంత్రం మీదికి మనసు పోవడంలో వింత లేదు.

ఈ ఊళ్లో చూడవలసింది ఇంకొకటి ఉంది. 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలులో ఖైదీల చేత గానుగ తిప్పించేవారు. రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీసి చూపించాలి. ఎద్దు చేయవలసిన పని మనిషి చేశాడు. ఎవరూ తోయకుండా తనంతట తానే తిరిగే చక్రం కావాలనుకోవడం సోమరుల కోరిక అనేవాళ్లు ఉన్నారు. ఆ గానుగ ముందు ఒక్క నిమిషం నిలబడితే ఆ మాట నోట రాదు. మనిషి వీపు మీది బరువు దించాలన్న ఆశ అది. ఆశ తప్పు కాదు. ఆ ఆశతో మనుషులు ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు అన్నదే ఈ ధారావాహిక విషయం.

గత భాగాల్లో బరువులతో, పాదరసంతో తిరగవలసిన చక్రాలు చూశాం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు చెప్పిన పాదరసపు చక్రం, 1150 నాటికి భాస్కరాచార్యుడి చేతిలో మరింత స్పష్టమైన రూపు దిద్దుకున్న అదే ఆలోచన, అది అరబ్బుల మీదుగా ఐరోపాకు చేరి ఉండవచ్చన్న చరిత్రకారుల ఊహ, అన్నీ చెప్పుకున్నాం. ఆ చక్రాలన్నిటికీ కదలిక ఇవ్వవలసింది భూమి ఆకర్షణ ఒక్కటే. అది ఎప్పుడూ కిందికే లాగుతుంది. పైకి లాగేది ఒకటి దొరికితే? కిందికి లాగడానికి భూమి, పైకి లాగడానికి సూదంటురాయి. రెండింటి మధ్య ఒక ఇనుప గోళీని పెడితే అది పైకీ కిందికీ తిరుగుతూనే ఉండాలి కదా? ఏడున్నర శతాబ్దాలుగా మనుషులను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది.

లుచేరా ముట్టడిలో ఒక ఉత్తరం

1269 ఆగస్టు 8. దక్షిణ ఇటలీలోని లుచేరా పట్టణాన్ని ఆంజూ ప్రభువు చార్లెస్ సేనలు చుట్టుముట్టి ఉన్నాయి. ఆ శిబిరంలో ఉన్న పీటర్ పెరిగ్రినస్ అనే ఫ్రెంచివాడు తన ఊరి వైపు మిత్రుడు సిగేరస్‌కు ఒక ఉత్తరం రాశాడు. విషయం యుద్ధం కాదు, సూదంటురాయి. దానికి రెండు ధ్రువాలు ఉంటాయని, వాటిని ఎలా కనిపెట్టాలో, సజాతి ధ్రువాలు ఎలా తోసుకుంటాయో, రాయిని రెండు ముక్కలు చేస్తే ప్రతి ముక్కకూ మళ్లీ రెండు ధ్రువాలు ఎలా పుడతాయో ఆయన చేతితో చేసి చూసి రాశాడు. ధ్రువం అనే మాటను అయస్కాంతానికి మొదట వాడింది ఈ ఉత్తరంలోనే. నేటికీ హైస్కూలు పిల్లలు మొదటగా నేర్చుకునే పాఠం అక్షరాలా అదే.

అదే ఉత్తరం చివర పెరిగ్రినస్ ఒక చక్రం గురించి చెప్పాడు. వెండి చక్రం, చుట్టూ ఇనుప పళ్లు, ఒక పక్క కదలకుండా బిగించిన సూదంటురాయి. రాయి ఒక్కొక్క పంటినీ తన వైపు లాగుతుంది, దగ్గరికి వచ్చిన పన్ను ముందుకు జరిగిపోతుంది, తర్వాతి పన్ను వస్తుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. గుండ్రంగా చెక్కిన సూదంటురాయిని సరిగ్గా అమరిస్తే అది ఆకాశంతో పాటు రోజుకొక్కసారి తిరుగుతుందనీ, అప్పుడిక గడియారంతో పని లేదనీ కూడా అన్నాడు. తిరగకపోతే తప్పు మీ పనితనానిదే గాని ప్రకృతిది కాదని ముందే హెచ్చరించాడు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. అంతకు ముందు పేజీల్లో పెరిగ్రినస్ ఏది చెప్పినా చేసి చూసి చెప్పాడు. రాయిని విరిచి చూశాడు, నీళ్ల గిన్నెలో తేల్చి చూశాడు. తనంతట తానే తిరిగే రాయి దగ్గరికి వచ్చేసరికి పరీక్షను ముందుగానే పక్కన పెట్టేశాడు. తిరిగితే నా మాట నిజం, తిరగకపోతే మీ పనితనం తప్పు. ఇలా అన్నాక ఇక ఏ ప్రయోగమూ ఆ మాటను కాదనలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అయస్కాంత యంత్రాలు చేసే ప్రతి ఔత్సాహికుడి బల్ల దగ్గరా ఇదే మాట వినిపిస్తుంది: ఇంకాస్త బలమైన అయస్కాంతం ఉంటే, ఇంకాస్త నునుపైన పట్టా ఉంటే, ఇంకాస్త నైపుణ్యం ఉంటే.

ఆ ఉత్తరం చేతిరాత ప్రతుల్లో దాదాపు మూడు వందల ఏళ్లు తిరిగి, 1558లో ఆగ్స్‌బర్గ్‌లో అచ్చయింది. నాలుగేళ్లకే, 1562లో, కొలోన్‌లో టైస్నియర్ అనే ఆయన పేరు మీద అయస్కాంతాల గురించి ఒక పుస్తకం వచ్చింది. అందులో చాలా భాగం పెరిగ్రినస్ ఉత్తరమే, పేరు చెప్పకుండా ఎత్తి రాసుకున్నది. సూదంటురాయితో నిరంతర చలనం అన్న మాట ఐరోపా చదువరుల్లోకి విస్తారంగా పోయింది ఆ పుస్తకం ద్వారానే. అసలు మనిషి పేరు పోయి, ఆయన చేసి చూసిన ప్రయోగాల పద్ధతి పోయి, చేసి చూడని యంత్రం మాత్రం మిగిలి ప్రయాణం చేసింది. చరిత్రలో నాకు బాధ కలిగించే ఘట్టాల్లో ఇది ఒకటి.

వాలు మీద గొలుసు

దాదాపు ఆ కాలంలోనే హాలండులో సిమోన్ స్టెవిన్ అనే ఇంజినీరు ఇదే ప్రశ్నను తిరగేశాడు. 1586లో లైడెన్‌లో అచ్చయిన ఆయన తూనికల శాస్త్రం పుస్తకం ముఖపత్రం మీద ఒక బొమ్మ ఉంది. రెండు వాలులున్న ముక్కోణపు దిమ్మ, ఒక వాలు రెండోదానికి రెట్టింపు పొడవు. దాని మీదుగా 14 గుండ్లు కట్టిన గొలుసు వేలాడుతోంది. పొడుగు వాలు మీద నాలుగు గుండ్లు, పొట్టి వాలు మీద రెండు, కింద ఎనిమిది. నాలుగు గుండ్లు రెండింటికన్నా బరువు కదా, గొలుసు ఆ వైపు జారాలి. కాని జారితే ఏమవుతుంది? ఒక గుండు పోయిన చోటికి ఇంకో గుండు వస్తుంది, అమరిక మళ్లీ మొదటిలాగే ఉంటుంది, మళ్లీ జారుతుంది. అంతులేకుండా తిరుగుతూనే ఉండాలి. అలా జరగదని మనకు తెలుసు. కాబట్టి గొలుసు కదలదు. కాబట్టి పొడుగు వాలు మీది నాలుగు, పొట్టి వాలు మీది రెండింటికి సరితూగుతాయి. వాలు ఎంత పొడుగైతే లాగే బలం అంత తగ్గుతుంది.

వాలుబల్ల సూత్రాన్ని స్టెవిన్ రాబట్టిన తీరు ఇది. నిరంతర చలనం అసాధ్యం అన్న ఒక్క మాట మీద నిలబడి, బరువు బండిని వాలు మీదుగా ఎక్కించే ప్రతి కూలీకీ పనికొచ్చే లెక్క తీశాడు. ఒకరికి కల అయింది ఇంకొకరికి కొలబద్ద అయింది. అయస్కాంతపు వాలుతో కుస్తీ పట్టే వాళ్లు ఎవరైనా ఈ బొమ్మను బల్ల ముందు గోడకు అతికించుకోవాలని నా కోరిక.

సూదంటురాయి వైపు అలాంటి పని చేసింది ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్. 1600లో వచ్చిన ఆయన పుస్తకంలో రెండో సంపుటి 35వ అధ్యాయం ప్రత్యేకంగా అయస్కాంత నిరంతర యంత్రాల మీదే. అవి చేయలేని పని అని, చేసి చూడకుండా ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు రాసుకున్న కట్టుకథలని ఆయన కోప్పడ్డాడు. కాని పెరిగ్రినస్ చెక్కించిన గుండ్రటి సూదంటురాయిని మాత్రం వదలలేదు. దాన్నే చేతిలోకి తీసుకుని, దాని మీద చిన్న సూదులు జరుపుతూ, సూది ఎక్కడెక్కడ ఎంత వాలుతోందో చూశాడు. నావికుల దిక్సూచి భూమి మీద వాలే తీరూ ఇదీ ఒకటేనని గమనించి, భూమే ఒక పెద్ద అయస్కాంతం అని తేల్చాడు. ఆకాశంతో తిరగవలసిన రాయి తిరగలేదు. దాన్ని జాగ్రత్తగా చూసినవాడికి భూమి స్వభావం దొరికింది. భారతీయ భూఅయస్కాంత సంస్థ నడిపే పరిశీలనశాలలు పోర్ట్ బ్లెయిర్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి. భూమి అయస్కాంత బలంలో వచ్చే చిన్న చిన్న మార్పులను అవి నమోదు చేస్తుంటాయి. ఆ పని మూలాలు వెతికితే లుచేరా శిబిరంలోని ఉత్తరం దాకా వెళ్తాం.

విల్కిన్స్ వేసిన బొమ్మ, విల్కిన్సే చెప్పిన జవాబు

ఇక అసలు వాలుబల్ల. దాన్ని ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో అందరికీ పరిచయం చేసింది జాన్ విల్కిన్స్. ఆక్స్‌ఫర్డ్‌లో వాధమ్ కళాశాల అధిపతి, తర్వాత 1660లో రాయల్ సొసైటీని స్థాపించిన వాళ్లలో ఒకడు, 1668 నుంచి చెస్టర్ బిషప్పు. 1648లో ఆయన రాసిన పుస్తకం యంత్రాల గురించి మామూలు ఇంగ్లిషులో, మామూలు జనం కోసం రాసింది.

బొమ్మ ఇలా ఉంటుంది. ఒక స్తంభం తలమీద పెద్ద సూదంటురాయి. కింది నుంచి దాని వైపు ఎక్కే ఒక వాలుబల్ల. బల్ల అడుగున ఉక్కు గోళీ. రాయి లాగితే గోళీ పైకి దొర్లుతుంది. పైన, రాయికి కాస్త ముందు, బల్లలో ఒక రంధ్రం ఉంది. గోళీ అందులో పడి, కింద ఉన్న వంపు బాట మీదుగా మళ్లీ మొదటి చోటికి వస్తుంది. మళ్లీ రాయి లాగుతుంది. అయస్కాంతాలతో చెప్పిన ఉపాయాల్లో పనిచేసే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఇదేనని విల్కిన్స్ ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని, అక్కడితో ఆగలేదు. గోళీ రంధ్రం దగ్గరికి వచ్చినప్పుడు రాయికి ఎంత దగ్గరగా ఉంది? కింద ఉన్నప్పటి కన్నా చాలా దగ్గరగా. సూదంటురాయి లాగుడు దగ్గరయ్యే కొద్దీ పెరుగుతుంది. దూరం నుంచే గోళీని వాలు మీదికి ఎక్కించగల రాయి, దగ్గరికి వచ్చిన గోళీని రంధ్రంలో పడనిస్తుందా? పట్టుకుని తన దగ్గరే ఉంచుకుంటుంది. రాయి బలం తగ్గించి పడేలా చేస్తే, కింది నుంచి పైకి లాగలేదు. 1648లోనే, శక్తి అనే మాటకు ఇప్పటి అర్థం ఇంకా రాని కాలంలో, ఒక మతాచార్యుడు బొమ్మ వేసిన చేత్తోనే అందులోని చిక్కు చూపించాడు. ఆ బొమ్మ మాత్రం ఈ నాటికీ పుస్తకం నుంచి పుస్తకానికి తిరుగుతోంది. కింద ఆయన రాసిన జవాబు దానితో పాటు అంతగా తిరగలేదు.

నల్ల ఇసుక నుంచి నియోడిమియం దాకా

విల్కిన్స్ తర్వాత మూడు వందల ఏళ్లు వాలుబల్ల పెద్దగా ముందుకు కదల్లేదు. కారణం సులువు: బలమైన అయస్కాంతాలు లేవు. సూదంటురాయి ముక్క గోళీని రెండు అంగుళాలు లాగడమే కష్టం. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఫెర్రైట్ అయస్కాంతాలు చౌకగా వచ్చాయి. పాడైన స్పీకరు వెనక ఉండే నల్లటి గుండ్రటి బిళ్ల అదే. మన తీరపు నల్ల ఇసుకలో ఆ బిళ్లను దొర్లించి ఇనుప రజను మీసాలు మొలిపించని పిల్లలు శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో తక్కువ. అయస్కాంతం మీద ప్రేమ చాలామందికి అక్కడే మొదలవుతుంది. 1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ విడివిడిగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి అంతకు ఎన్నో రెట్లు బలమైన అయస్కాంతాలు తయారు చేశారు. గోరంత బిళ్ల వేలిని నొక్కేసేంత బలం. దానితో ఔత్సాహికుల బల్ల మళ్లీ కళకళలాడింది.

పేటెంట్లు కూడా వచ్చాయి. 1979లో హోవర్డ్ జాన్సన్‌కు శాశ్వత అయస్కాంతాల మోటారు మీద అమెరికాలో పేటెంట్ దొరికింది. మరుసటి ఏడాది ఎమిల్ హార్ట్‌మన్‌కు అయస్కాంతాల వరస మధ్య గోళీ వాలు ఎక్కే అమరిక మీద దొరికింది. పేటెంట్ చేతికి వచ్చింది కాబట్టి యంత్రం పనిచేస్తుందని జనం నమ్మారు. నిజానికి ఆ కాగితం ఆవిష్కర్తకు హక్కు ఇస్తుంది, యంత్రం ఏడాది పాటు ఆగకుండా తిరిగిందని ఎవరూ దాని మీద సాక్షి సంతకం పెట్టరు. ఇంకో అమెరికన్ జోసెఫ్ న్యూమన్ తన యంత్రం తీసుకున్న దానికన్నా ఎక్కువ ఇస్తుందని కోర్టుకు వెళ్తే, 1986లో అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ కొలిచి చూసింది. వచ్చింది, ఇచ్చినదానికన్నా తక్కువే.

1990లలో ఆస్ట్రేలియా నుంచి స్మాట్ అనే పొట్టి పేరుతో ఒక బొమ్మ అమరిక ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచంలో వేల ఇళ్ల బల్లల మీద ఔత్సాహికులు చేస్తున్నది ఎక్కువగా దీని రూపాంతరాలే. మధ్యలో అల్యూమినియం లేదా చెక్క పట్టా. రెండు పక్కలా అయస్కాంతాల వరసలు, కింద ఎడంగా, పైకి పోయే కొద్దీ దగ్గరగా. కింద గోళీ వదిలితే పైకి దొర్లుతుంది. పట్టా పై అంచు దాటగానే గోళీ చటుక్కున కింద పడుతుంది. విల్కిన్స్ చిక్కుకు ఇదే జవాబు అనిపిస్తుంది: పడే చోట నిటారుగా పడనిస్తే భూమి అయస్కాంతాన్ని ఓడిస్తుంది. నిజంగానే ఓడిస్తుంది. గోళీ ఎక్కుతుంది, పడుతుంది, అయస్కాంతాల నుంచి బయటికి దొర్లిపోతుంది. మొదటిసారి చూసిన ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపు అబద్ధం కాదు. ఎవరూ దాచిన బ్యాటరీ లేదు, మోసం లేదు. మరి తప్పు ఎక్కడుంది?

గోళీ ఎక్కేటప్పుడు అయస్కాంతం దానికి ఇచ్చింది చేబదులు. పై అంచు దాటి బయటికి వచ్చేటప్పుడు ఆ బదులు తీర్చాల్సిందే. పడే గోళీ మామూలుగా పడే వేగం కన్నా మెల్లగా పడుతుంది, ఎందుకంటే అయస్కాంతాలు వెనక్కి లాగుతూనే ఉంటాయి. కదలని అయస్కాంతాల మధ్య గోళీ ఏ దారిన తిరిగి మొదటి చోటికి వచ్చినా, దారిలో అయస్కాంతం ఇచ్చిందీ తీసుకున్నదీ కలిపితే సున్నా. భూమి ఆకర్షణకూ ఇదే లెక్క. రెండు సున్నాలు కలిపినా సున్నానే. దాని మీద పట్టాతో రాపిడి, దొర్లే ఉక్కులో పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాలు, ఉక్కు మాటిమాటికీ అయస్కాంతమై మళ్లీ మామూలవడంలో పోయే వేడి, ఇవన్నీ ఖర్చులే. జమ ఎక్కడా లేదు.

నమ్మకం మీద ఒప్పుకోనక్కర్లేదు, ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తాపీ మేస్త్రి వాడే రసమట్టం ఒకటి, స్కేలు ఒకటి చాలు. బల్లను రసమట్టంతో సమం చేయండి. గోళీ వదిలిన చోటు బల్ల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. పడి, అయస్కాంతాలకు దూరంగా వచ్చి ఆగిన చోటు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. వేలు తోయకుండా వదిలితే, ఆగిన చోటు వదిలిన చోటు కన్నా కిందే ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లే కావచ్చు, కంటికి సమంగానే కనిపించవచ్చు. ఆ మిల్లీమీటర్లలోనే కథంతా ఉంది. మూడు నాలుగు వాలులు వరసగా పెట్టి గోళీని ఒకదాని నుంచి ఇంకోదానికి దాటించిన వాళ్లు ఉన్నారు. వరస పొడుగూతా బల్ల కొద్దిగా దిగుతూ పోతుంది. ఆ వరసను గుండ్రంగా వంచి మొదటి వాలు దగ్గరికి కలపబోతే, దిగిన ఎత్తంతా ఎదురుగా గోడలా నిలబడుతుంది. అందుకే వరసలు చాలా కనిపిస్తాయి, వలయం ఒక్కటీ కనిపించదు. వలయం కలపడం చేతకాక కాదు, కలిపే ఎత్తు లేక.

గోళీ బదులు ఇంకో అయస్కాంతాన్ని దొర్లించి, తోపుడుతో ఎక్కించే అమరికలూ ఉన్నాయి. అక్కడ మొదట దాన్ని లోపలికి పెట్టేటప్పుడు చెయ్యి ఎదురు తోపుడును దాటించాలి. ఆ చెయ్యే ఇంజను.

ఒకవేళ గోళీ ఎక్కుడు అంతా ఉచితమే అనుకుందాం. అర అంగుళం ఉక్కు గోళీ బరువు సుమారు 8 గ్రాములు. రెండు సెంటీమీటర్లు ఎక్కితే దానికి చేరేది ఒక జూల్‌లో ఆరు వందో వంతు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వెలగాలంటే సెకనుకు 9 జూళ్లు, అంటే ప్రతి సెకనుకూ దాదాపు 5,500 గోళీలు ఎక్కి పడాలి. అయస్కాంతంలోనే శక్తి దాగుంది కదా, అది వాడుకుందాం అంటారు కొందరు. ఒక ఘన సెంటీమీటరు గట్టి నియోడిమియం అయస్కాంతం తన చుట్టూ క్షేత్రంలో పట్టి ఉంచగలిగింది దాదాపు జూల్‌లో అయిదో వంతు. రిమోట్‌లో వేసే చిన్న పెన్సిల్ సెల్‌లో కొన్ని వేల జూళ్లు ఉంటాయి. ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 3.6 కోట్ల జూళ్లు వస్తాయి. షాదీపూర్‌కు ఓడల మీద డీజిల్ ఎందుకు వస్తోందో, అయస్కాంతాలు ఎందుకు రావడం లేదో ఈ అంకెలే చెబుతాయి.

ఇవన్నీ తెలిసి కూడా వాలుబల్ల చేసేవాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. పగలు పని చేసుకుని, రాత్రి పూట పట్టాను చెక్కి, అయస్కాంతాన్ని వెంట్రుకవాసి జరిపి మళ్లీ చూసే ఓపిక చిన్న గుణం కాదు. ఎక్కడ తేడా వస్తుందంటే, ఒకరు కొలుస్తారు, ఒకరు కొలవరు. కొలిచేవాళ్లకు వాలుబల్ల మంచి బడి. స్థితిశక్తి అంటే ఏమిటో, రాపిడి ఎక్కడెక్కడ దాక్కుంటుందో, అల్యూమినియం పట్టా మీద అయస్కాంతాన్ని జార్చితే ఎందుకు మెల్లగా జారుతుందో పుస్తకంలో పది పేజీలు చదివినా రాని స్పష్టత చేతివేళ్లకు వస్తుంది. కొలవనివాళ్లు తమకు తాము ఆశ చూపించుకుంటారు. అది వాళ్లిష్టం. దాని మీద పెట్టుబడి అడిగి, ఇంటికి ఉచిత కరెంటు ఇచ్చే మోటారని డబ్బు తీసుకునేవాళ్ల సంగతి మాత్రం వేరు. డీజిల్ ఖర్చుతోనో కరెంటు కోతతోనో అలిసిపోయిన మనిషి దగ్గర ఆశను అమ్మడం నేరం కిందే లెక్క.

మన దేశ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1970 పేటెంట్ల చట్టంలో 3(ఎ) సెక్షన్, స్థిరపడిన ప్రకృతి సూత్రాలకు స్పష్టంగా విరుద్ధమైన దాన్ని ఆవిష్కరణగా అంగీకరించదు. నిరంతర చలన యంత్రానికి ఇక్కడ పేటెంట్ రాకపోవడానికి కారణం ఇదే.

ఎవరైనా మీకు అయస్కాంత యంత్రం చూపిస్తే అడగవలసింది ఒక్కటే: వలయం కలిపి, చెయ్యి తీసేసి, తలుపు వేసి వెళ్లిపోదామా? మర్నాడు పొద్దున వచ్చి చూద్దామా? ఐర్లండ్‌కు చెందిన స్టియోర్న్ కంపెనీ 2006లో ప్రపంచమంతా చదివే పత్రికలో ప్రకటన వేసి శాస్త్రవేత్తలను పిలిచినప్పుడు, పిలుపు అందుకుని వచ్చిన నిపుణుల బృందం చూడాలనుకున్నది రుజువే. మూడేళ్ల తర్వాత, 2009లో, శక్తి పుట్టినట్టు తమకు ఏమీ చూపించలేదని ఆ బృందం ఏకగ్రీవంగా తేల్చింది.

వచ్చే భాగంలో: 1775లో పారిస్ సైన్సు అకాడమీ ఈ యంత్రాల ప్రతిపాదనలను ఇక పరిశీలించబోమని ఎందుకు తీర్మానించింది, వృత్తానికి సమానమైన చతురస్రం గీస్తామన్న వాళ్లను కూడా అదే తీర్మానంలో ఎందుకు చేర్చింది.